మా తాండూరు ఇటలీ పాఠం

తాండూరుల ఏ చాయ్ హోటల్ కాడనన్న నిలవడి "ఇటలీ దేశంల కార్బోనియా యాడుంది?" అని అడుగుండ్రి. ఎవరో ఒకరు చెప్తరు. నా దగ్గర చదివినోళ్ళయితే చెప్పుడే గాదు, దాని పక్క ఇగ్లేసియాస్ ఏ దిక్కుంది, నడుమ ఏమున్నయి, దీవికి పడవ యాడ ఎక్కాలె, గవి గూడ ఏకరువు పెడ్తరు. హైదరాబాదుల పెద్ద పెద్ద కాలేజీలల్ల చదివినోళ్ళకు తెల్వని ముచ్చట మా పిల్లలకు ఎరుక. గొప్పలు చెప్పుకుంటున్నదని ఎవరన్న అనుకుంటే అనుకోనీ. గిది చెప్పుకోనీకె నాకేం సిగ్గులేదు.

నేను తాండూరుల డిగ్రీ పిల్లలకు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెప్త. అంటే సర్కారు ఎట్ల నడుస్తది, జిల్లా అంటే ఏంది, కలెక్టర్ పనేంది, పంచాయతీ పనేంది, గా ముచ్చట. ఉండేది వికారాబాద్‌ల, మా అత్తగారిల్లు ఆడ. పొద్దుగాల రైలెక్కి తాండూరుల దిగుత, పొద్దుమీకి మల్ల ఎక్కుత. పుట్టింది మాత్రం దౌల్తాబాద్‌ల. మా అమ్మ నాయిన ఇద్దరూ కూలికి పోయేటోళ్ళు. గా రోజులల్ల దౌల్తాబాద్ పాలమూరు జిల్లాల ఉండేది. ఏ చిన్న పని వడ్డా జిల్లా కేంద్రం మహబూబ్‌నగర్ పోవాలె. మా నాయిన ఒకసారి మాకున్న జరంత భూమి ముచ్చట మాట్లాడదామని తెల్లారంగనే సద్దికట్టుకొని పోయిండు. సారు లేడు, రేపు రా అన్నరు. పోయిండు. మల్ల రేపు రా అన్నరు. మూడోసారి పోలే. "సర్కారు మంచిదే గావచ్చు బిడ్డా, గని మస్తు దూరముంది" అన్నడు. నేను ఎమ్మే చదివిన, పరీక్షలు రాసిన, ఎన్నో పుస్తకాలు తిరగేసిన. సర్కారు గురించి మా నాయిన చెప్పినంత నికరమైన మాట నాకు మల్ల యాడ దొరకలే.

ఇటలీని మొదాలు చూసింది గూడ దౌల్తాబాద్‌లనే. మా చర్చిల గోడకు ఒక పాత పటం ఉండేది, అపొస్తలులు తిరిగిన దేశాలది. ప్రార్థన పొడుగైనప్పుడల్ల నేను గా పటం చూసుకుంట కూసునేదాన్ని. నడుమల సముద్రం, సముద్రంలకు చాపిన కాలు లెక్క ఇటలీ, పక్కన రెండు పెద్ద దీవులు. ఎడమ దిక్కున్న దీవి మీద గోడ చెమ్మ దిగి మరక వడ్డది. దాని పేరేందని అడిగితే పాస్టరమ్మ "గదంత ఎందుకు, కండ్లు మూసుకో" అన్నది. గా పేరు సార్డీనియా అని తెలుసుకోనీకె నాకు పెండ్లయి, పిల్లలు పుట్టి, నౌకరొచ్చి, జిల్లాలే మారిపోవాల్సి వచ్చింది.

జిల్లాలు మారిన దసరా నాకు మంచిగ యాదికుంది. ఇంట్ల పూరీలు గాలుతున్నయి, టీవీల కొత్త జిల్లాల పేర్లు చదువుతున్నరు. అప్పటిదాంక మా అత్తగారిల్లు రంగారెడ్డి జిల్లా, మా తల్లిగారిల్లు పాలమూరు జిల్లా. గా పొద్దు రెండూ కలిసి వికారాబాద్ జిల్లాల వడ్డయి. కొడంగల్, దౌల్తాబాద్, బొంరాస్‌పేట పాలమూరును ఇడిసి ఇటు వచ్చినయి. మా ఆయన పూరీ నోట్ల పెట్టుకొని "చూస్తివా, నీ తల్లిగారూరును గూడ మా వికారాబాదే సాదాలె ఇగ" అన్నడు. ఆయన పుట్టింది పెరిగింది వికారాబాదే. ఆయన లెక్కల ప్రపంచం అనంతగిరి గుట్టల కాడ షురూ అయ్యి రైల్వే జంక్షన్ కాడ ఖతమైతది. జిల్లా కేంద్రం వాళ్ళ ఊరికి వచ్చినందుకు గా దినమంత మీసం మెలేసుకుంట తిరిగిండు.

పండుగ సెలవులయినంక కాలేజీకి పోతే తాండూరుల పిల్లలు నిప్పుల మీదున్నరు. "మేడం, నాపరాతి బండలు మనయి, కందిపప్పు మనది, సిమెంటు ఫ్యాక్టరీలు మనయి, కేంద్రం వాళ్ళకా?" అని ఒకటే లొల్లి. వాళ్ళ ఎనక నేను గూడ ఉన్న, అబద్ధమెందుకు. ఇల్లు వికారాబాద్‌ల ఉన్నా నాకు బువ్వ పెట్టేది తాండూరాయె. "అరే, లొల్లి ఆపుండ్రి. ఒక జిల్లాకు రెండు కేంద్రాలు ప్రపంచంల యాడనన్న ఉన్నయా లేవా, ఎతికి చెప్త" అన్న.

ఎతికిన. దొరికింది. యాడ? మా చర్చి పటంల మరక కింద.

సార్డీనియా దీవికి నైరుతి మూలన కార్బోనియా-ఇగ్లేసియాస్ అని ఒక జిల్లా. వాళ్ళు ప్రావిన్సు అంటరు. దానికి రెండు కేంద్రాలు, పేరుల రెండు ఊర్లూ ఉన్నయి. కార్బోనియా బొగ్గు గనుల కోసం కట్టిన ఊరు. ఇగ్లేసియాస్ గుట్టల అంచున పాత ఊరు, చుట్టూ పాతకాలపు గోడ, సందు సందుకొక చర్చి. నాకు దినాం రైల్ల కిటికీల నుంచి కనవడేది ఇదే గదా అనిపించింది. ఒక కొసకు గనుల ఊరు, ఒక కొసకు గుట్టల ఊరు. గా దినం క్లాసుల బోర్డు మీద పటం గీసి "కార్బోనియా అంటే మన తాండూరనుకోండ్రి, ఇగ్లేసియాస్ అంటే వికారాబాద్" అన్న. పిల్లల మొకాలు ఎలిగినయి. రెండు కేంద్రాల ముచ్చట చెప్పి, మిగిలింది రేపు అని నేను అంటనే ఉన్న, గంట కొట్టిన్రు.

రేపటిదాంక ఆగితేగ! మర్నాడు నేను రైలు దిగేసరికి చౌరస్తాల మా పిల్లలు ధర్నాకు కూసున్నరు. "ఇటలీకి ఒక న్యాయం, తాండూరుకు ఒక న్యాయమా" అని అట్టముక్కల మీద రాసిన్రు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఎవరి ఆఫీసు ఏ ఊర్ల పెట్టాల్నో గూడ పంచుకున్నరు. మిగిలిన పాఠమేందంటే, మనకు జిల్లా వచ్చిన ఏడాదే ఆళ్ళ జిల్లాను ఎత్తేసిన్రు. పక్క జిల్లాలతోని కలిపి ఒక పెద్ద ప్రావిన్సు చేసిన్రు. గా ముచ్చట నేను చౌరస్తాలనే నిలవడి చెప్పాల్సి వచ్చింది. ఒకడు అట్టముక్క బోర్లేసి "గిది నిన్ననే చెప్తే అయిపోవు గద మేడం" అన్నడు. ఇంటికొస్తే అప్పటికే ఈ కత వికారాబాద్ చేరింది. "ఏమే, మీ తాండూరోళ్ళు ఎత్తేసిన జిల్లా కోసం ధర్నా చేసిన్రట గదా!" అని మా ఆయన పడి పడి నవ్విండు. వారం దినాలు ఆయనతోని మాట్లాడలే.

గని గా పాఠం మాత్రం నిలవడ్డది. ఏటేటా పిల్లలే అడిగి మరీ చెప్పించుకుంటరు, "మేడం, ఇటలీ పాఠం ఎప్పుడు?" అని. మన ఊర్ల మీద పెట్టి చెప్తే మరువరు. కార్బోనియా తాండూరాయె, ఇగ్లేసియాస్ వికారాబాదాయె. అందరి మీద ఉండే రీజియన్‌కు రాజధాని కల్యారి, అది హైదరాబాద్. కింద ఒక్కొక్క ఊరికి ఒక మేయరు, మన సర్పంచ్ లెక్క. సముద్రంల సాన్ ప్యెత్రో అని ఒక చిన్న దీవి ఉంటది. గా దీవోళ్ళ తాతలు ఎక్కడి నుంచో సముద్రం దాటి వచ్చిన్రు, వాళ్ళ మాట గూడ వేరే. "వేరే కాడికెల్లి వచ్చి మనల కలిసినోళ్ళు ఎవరు?" అని అడుగుత. కొడంగల్ దిక్కు పిల్లలు చెయ్యి లేపుతరు. "అయితే మేం దీవోళ్ళమా మేడం?" అంటరు. అవు బిడ్డా, దౌల్తాబాద్, బొంరాస్‌పేట, గదంత దీవి. నేను గూడ గా దీవిల పుట్టినదాన్నే అని మాత్రం క్లాసుల ఎన్నడు చెప్పలే. ఎందుకో చెప్పలే.

గిట్ల నడుస్తుంటే మొన్నటేడు ప్రిన్సిపాల్ సార్ నన్ను పిలిచిండు. మెల్లగ మాట్లాడే మనిషి, గా దినం ఇంక మెల్లగ మాట్లాడిండు. పిల్లలు కంప్యూటర్లు, కామర్స్ దిక్కు పోతున్నరు, మీ గ్రూపుల చేరెటోళ్ళు తక్కువైన్రు, గీ సారి గిట్లనే ఉంటే గ్రూపు ఎత్తేస్తరట అన్నడు. కమిటీ ఒకటి చూడనీకె వస్తదట. "మరి ఇప్పుడున్న పిల్లలో సార్?" అన్న. "వాళ్ళను వికారాబాద్ కాలేజీల కలుపుతరు. మీరు గూడ ఆడనే ఉంటరు గదా మేడం, మీకింక సులువు" అన్నడు. ఆయన మంచికే అన్నడు.

నాకు సులువే. గని మా క్లాసుల పెద్దేముల్ పిల్ల ఒకతి ఉండె. అప్పుడు రెండో ఏడు. వాళ్ళమ్మ నాయిన కూలికి పోతరు. పత్తి కాలమొస్తే గీ పిల్ల గూడ పొద్దుగాల చేన్లకు పోయి, ఇంత ఏరి, ఇంటికొచ్చి మొకం కడుక్కొని, షేరింగ్ ఆటో పట్టుకొని కాలేజీకి వస్తది. ఆటోల డ్రైవర్ పక్కన కొసకు కూసుంటది. పుస్తకం ఒక చేతిల, కడ్డీ ఒక చేతిల. చూస్తే ఇంతంతే ఉంటది, నోరిప్పితే ఆపతరం గాదు. పిట్ట కొంచెం కూత ఘనం అని గీ పిల్లను చూసే అన్నరేమో. ప్రిన్సిపాల్ సార్ మాట బయటవడ్డ పొద్దు, అన్నిటికి నవ్వే పిల్ల నవ్వలే.

"వికారాబాదయితే నేను బంద్ చేస్త మేడం" అన్నది.

"ఎందుకు బంద్ చేస్తవే? రైలుంది, బస్సుంది."

"మీకు రైలుంది మేడం. నాకు ముందల ఆటో, ఆటో దిగినంక బస్సు, బస్సు దిగినంక నడక. పొద్దంత తొవ్వలనే పోతది. పని ఎప్పుడు చెయ్యాలె, సదువు ఎప్పుడు సదవాలె? మా నాయిన ఏమనడు గని, మా అమ్మ ఒక్కతే ఎంతని చేస్తది?"

నాకు మా నాయిన సద్దిమూట కండ్ల ముందల కనవడ్డది. మస్తు దూరముంది బిడ్డా. కోపమొచ్చింది. ఎవరి మీద అని అడగకుండ్రి, నాకు కోపం రానీకె మనిషి అక్కర లేదు. "నువ్వు ఈ కాలేజీలనే పట్టా తీసుకుంటవు. నేను చెప్తున్న" అన్న. ఎట్ల అనేది మాత్రం నాకు ఎరుక లేదు.

కమిటీ వచ్చిన పొద్దు హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దసారు నా క్లాసుల ఎనక బెంచీల కూసున్నడు. కండ్లద్దాలు తుడుచుకొని "కానియ్యండి మేడం, మీకు నచ్చిన పాఠం చెప్పండి" అన్నడు. ప్రిన్సిపాల్ సార్ తలుపు కాడ నిలవడి నన్ను బతిమాలినట్టు చూసిండు, సిలబస్‌ల ఉన్నదే చెప్పమని. ఇంకొక దేశపు స్థానిక పాలన అని సిలబస్‌ల ఉండనే ఉన్నది. నేను ఇటలీ పాఠమే ఎత్తుకున్న. పటం గీసి, పెద్దేముల్ పిల్లను పిలిచి చాక్‌పీస్ చేతిల పెట్టిన.

పిల్ల షురూ చేసింది. మొదాలు మంచిగనే కార్బోనియా, ఇగ్లేసియాస్ అన్నది. జర ఉషారొచ్చినంక అలవాటైన పేర్లు నోట్లకెల్లి దొర్లినయి. "బొగ్గు గనులు మూతవడ్డంక తాండూరోళ్ళు మస్తు గోసవడ్డరు సార్. వికారాబాద్‌ల గూడ సీసం గనులు బందైనయి. ఇగ దౌల్తాబాదోళ్ళ సంగతంటరా, వాళ్ళకు పడవ తప్ప వేరే గతి లేదు."

"దౌల్తాబాద్‌కు పడవనా?" పెద్దసారు కండ్లద్దాలు తీసిండు.

"అవు సార్, చుట్టూ సముద్రమే గదా."

క్లాసంత గొల్లుమన్నది. ఎనక నుంచి ఒక పిలగాడు "వానలు గట్టిగ కొడితే గది గూడ అయితది సార్" అన్నడు. పిల్లకు అప్పుడు ఎరుకయింది ఏమన్నదో. నాలిక కరుసుకున్నది. పెద్దసారు నవ్వుకుంట ప్రిన్సిపాల్ సార్ దిక్కు తిరిగి "ఇది జాగ్రఫీ క్లాసా, జాతరా?" అన్నడు.

నన్నంటే పడుదును. పిల్ల మొకం చిన్నవోయింది చూడు, గది చూసి నేను పడలే. "సార్" అన్న, నా గొంతు నాకే జోరుగ వినవడ్డది. "పేర్లు మనయి చెప్పింది, ముచ్చట వాళ్ళదే చెప్పింది. మీకు ఏది కావాలంటే గది అడుగుండ్రి. ఒక్క మాట తప్పు చెప్తే గ్రూపు గీడనే, గిప్పుడే ఎత్తేయుండ్రి."

తలుపు కాడ ప్రిన్సిపాల్ సార్ గోడకు ఆనుకున్నడు. ఓ దేవుడా, గిదేం నోరు పెట్టినవ్ నాకు అని నేను గూడ అనుకున్న. గని మాట జారింది, ఇగ ఏం చేస్తం.

పెద్దసారు నవ్వు ఆపిండు. అడుగుడు షురూ చేసిండు. ప్రావిన్సు మీద ఎవరుంటరు, కింద ఎవరుంటరు? చెప్పింది. అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకునేటోళ్ళు? మొదాల జనమే ఓటేసేటోళ్ళని చెప్పింది. ప్రావిన్సు చేతిల ఏం పనులుండె? రోడ్లు, బడుల బిల్డింగులు అని చెప్పింది. కార్బోనియా ముందు పుట్టిందా, ఇగ్లేసియాసా? ఇగ్లేసియాసే పాతది, కార్బోనియా నిన్నమొన్నటిదని చెప్పింది. ఒక్కొక్క జవాబుకు నా ఛాతి ఒక్కొక్క ఇంచు పెరుగుతున్నది. ఆఖరికి ఆయన ముందుకు వంగి, "రెండు కేంద్రాలు దండగ గదమ్మా. సార్డీనియా జనమే ఓట్లేసి ప్రావిన్సులు వద్దన్నరు గదా. దానికేమంటవ్?" అని అడిగిండు.

గీ ప్రశ్నకు జవాబు నేను ఎన్నడు చెప్పలే. పిల్ల నా దిక్కు చూసింది.

"సార్, ఓట్లేసిన్రు, నిజమే" అన్నది పిల్ల. "పెద్ద పట్నంల ఉన్నోళ్ళకు ఆఫీసు రెండు గల్లీల అవతల ఉంటది. వాళ్ళకు దండగనే అనిపిస్తది. నాకు తాండూరు ఆఫీసు గాని, తాండూరు కాలేజీ గాని ఎత్తేస్తే ఇంకొక బస్సు పెరుగుతది. దీవోళ్ళకు పడవ దిగినంక ఇంకంత దూరం పెరుగుతది. దూరం నడిచేటోళ్ళను అడిగితే దండగ అనరు సార్." చాక్‌పీస్‌తోని రెండు ఊర్ల చుట్టూ సున్నాలు చుట్టింది. "ఎత్తేసినదాన్ని మల్ల లేపనీకె చట్టం చేసుకున్నరు గూడ. గా నేలకు పాత పేరుంది, సుల్చిస్ అని, గా పేరుతోనే. కేంద్రాలు మల్ల రెండే."

పెద్దసారు బోర్డు దిక్కు చూసి "నీదే ఊరమ్మా?" అన్నడు. "పెద్దేముల్ సార్." "పటంల యాడుంది?" పిల్ల కార్బోనియాకు జరంత పైకి, ఈశాన్యం దిక్కు చుక్క పెట్టింది. గా మనిషి మల్ల నవ్విండు, గని గిది వేరే నవ్వు.

పోయేటప్పుడు ఆయన నాకు చెయ్యెత్తి దండం పెట్టిండు. "పాఠం చాలా బాగుంది మేడం. కాని గ్రూపు నా చేతిల లేదు. పిల్లలు చేరితే ఉంటది, చేరకుంటే పోతది. అంతే." అంత మంచిగ చెప్పినంక గూడ గింతేనా! దండాలతోని గ్రూపులు నిలవడ్తయా? గా పొద్దు రైల్ల కూసొని కిటికీ దిక్కు మొకం పెట్టి ఏడ్సిన. గర్వంతోనా, దుఃఖంతోనా అంటే రెండూ.

ఇంటికొచ్చినంక మా ఆయన "గెలిచినవా, ఓడినవా?" అన్నడు. ముచ్చటంత చెప్పిన. ఇగ ఎత్తిపొడుస్తడు, వికారాబాద్‌కే రండ్రి అంటడు అని చూస్తున్న. అనలే. చాయ్ గ్లాసు కింద పెట్టి "గా పిల్ల గట్ల అన్నదా? దూరం నడిచేటోళ్ళను అడుగుమన్నదా?" అని రెండుసార్లు అడిగిండు. "సరే పా. ఆదివారం బండి తీస్త. ఊర్లు తిరుగుదం." వికారాబాదాయన తాండూరు కాలేజీ కోసం బండి తీసుడు! సూర్యుడు పడమట పొడిసినా నేను గంత నోరెళ్ళవెట్టకపోదును.

ఎండకాలమొస్తే మా అసోంటి కాలేజీ సార్లు, మేడమ్‌లు ఊర్లు వట్టుకొని తిరుగుడు మామూలే. ఇంటింటికి పోయి, ఇంటర్ పాసైన పిల్లలను మా కాడ చేర్చుండ్రి అని బతిమాలాలె. మా ఆయన బండి నడుపుతుంటే నేను ఎనక కూసొని, పటం చుట్ట చంకల పెట్టుకొని తిరిగిన. పెద్దేముల్‌ల మా పిల్ల ముందర నడిచి ఇండ్లు చూపెట్టింది. ఒక పెద్దాయన మంచంల కూసొని "గీ సదువు సదివితే ఏం నౌకరొస్తది మేడం?" అన్నడు. నౌకరి వస్తదని బొంకాలంటే నాకు నోరు రాలే. "నౌకరి వస్తే వస్తది, రాకుంటే లేదు పెద్దయ్యా. గని ఆఫీసుల ఎవడన్న రేపు రా అంటే, ఎందుకు రావాలె, ఇయ్యాల పని ఎందుకు గాదు అని అడిగే నోరు మాత్రం వస్తది" అన్న. గాయన మనవరాలిని లోపలికెల్లి పిలిచి "ఇను" అన్నడు. బొంరాస్‌పేటల నీళ్ళిచ్చిన్రు, మజ్జిగిచ్చిన్రు, చూస్తమన్నరు.

ఆఖరికి దౌల్తాబాద్ పోయిన. నా ఊరు. నన్ను ఎత్తుకొని తిరిగినోళ్ళ ఇండ్లకు పోయిన. "ఓ, గామె బిడ్డవా, మంచిగున్నవా" అని కూసోవెట్టి బువ్వ పెట్టిన్రు. పిల్లల ముచ్చట తీస్తే మాత్రం "గంత దూరం తాండూరుకు ఎట్ల పంపుతమమ్మా, దగ్గరి కాలేజీ ఉండంగ" అన్నరు. వాళ్ళ మాట తప్పు గాదు. దూరం గురించి పాఠం చెప్పేదాన్ని, నేనేమని జవాబియ్యాలె? చర్చిల గా పటం ఉందా అని చూసిన. గోడకు కొత్త రంగేసిన్రు, పటం లేదు. పుట్టినూరి నుంచి ఒక్క పిల్ల గూడ రాదని నేను ఖాయం చేసుకున్న.

చేరుడుకు ఆఖరి దినం వచ్చింది. పొద్దుగాల సంది నేను గేటు కాడనే కుర్చేసుకున్న. పెద్దేముల్ ఆటో వచ్చింది, కొసకు మా పిల్ల కూసొని ఉంది, ఎనక ఆటో నిండ ఆడపిల్లలే. గా మంచంల పెద్దాయన మనవరాలు ముందల దిగింది. సంబురమైంది, ఏం చెప్పాలె! మధ్యాహ్నం దాంక ఒకరొకరు వచ్చిన్రు. ప్రిన్సిపాల్ సార్ కిటికీల నుంచి తొంగి చూసి "ఇంకా జర తక్కువున్నది మేడం" అన్నడు. పొద్దు వంగింది. ఆఫీసు వాళ్ళు తాళంచెవులు చేతులవట్టుకున్నరు. మా పిల్ల నా పక్కన నిలవడి రోడ్డు దిక్కే చూస్తున్నది. "ఇగ ఎవరొస్తరే, లోపలికి పా" అన్న. "జరాగుండ్రి మేడం, కొడంగల్ బస్సు రాలే ఇంక" అన్నది. కొడంగల్ బస్సుతోని నాకేం పనో నాకు సమజ్ గాలే.

బస్సొచ్చింది. ఆడపిల్లలు దిగిన్రు, ఒకరి చెయ్యి ఒకరు వట్టుకొని, బెరుకుగ, గుంపుగ. గేటు కాడికొచ్చి ముందలున్న పిల్ల "పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ గీడనేనా?" అన్నది.

"గీడనే. ఏ ఊరు బిడ్డా మీది?"

గా పిల్లలు ఒకరి మొకం ఒకరు చూసుకొని కిసుక్కున నవ్విన్రు. "దీవి, మేడం" అన్నరు.

నేను పక్కన నిలవడ్డ పిల్ల దిక్కు తిరిగిన. మా పెద్దేముల్ పిల్లే చెప్పింది. వాళ్ళ చిన్నమ్మను దౌల్తాబాద్‌ల ఇచ్చిన్రట. ఎండకాలం ఆడికి పోయి, వాకిట్ల ముగ్గుపిండితోని గా ప్రావిన్సంత గీసి, దీవిని మాత్రం ఎర్రమన్నుతోని నింపిందట. "చిన్నమ్మ వాకిట్ల గీసినంక ఎవ్వరినీ తుడువనియ్యలే మేడం, వాడకట్టంత వచ్చి చూసి, గుంపుగ పోతే పంపుతమన్నరు. మా ఒక్క ఊరోళ్ళు చేరితే సరిపోరు, దీవి గూడ కావాలె అనిపించింది. లేకుంటే వికారాబాద్ బస్సు ఎక్కాల్నాయె" అన్నది. నేను దాని తల మీద చెయ్యి పెట్టిన, గంతకంటె ఎక్కువ చేస్తే గేటు కాడనే బోరుమని ఏడుద్దును.

ప్రిన్సిపాల్ సార్ కిటికీ కాడ గాదు, చెప్పులు గూడ ఏసుకోకుండ గేటు దాంక ఉరికొచ్చిండు. పిల్లలను చూసిండు, నన్ను చూసిండు. "ఇగ ఎవడు ఎత్తేస్తడు మేడం" అన్నడు, గా మెల్లగ మాట్లాడే మనిషి రోడ్డు మీదోళ్ళు తిరిగి చూసేటట్టు అన్నడు. ఆఫీసు తాళంచెవులు మల్ల మేకుకు ఎక్కినయి.

పిల్లలను లోపలికి తోలుకపోతుంటే అందరికన్న చిన్నగున్న దౌల్తాబాద్ పిల్ల నా పక్కకొచ్చి నడిచింది. "మేడం, మీదే ఊరు?" అని అడిగింది. ఇన్నేండ్లల్ల క్లాసుల ఎన్నడు చెప్పని మాట.

"దీవే బిడ్డా" అన్న. "పడవ లేనప్పుడు దాటి వచ్చిన."